గాబులోకి తొంగిచూడటం నేర్పండి: ఊళ్లో ఆరోగ్య వలంటీర్ల శిక్షణ

యువతకు ఆరోగ్య అవగాహన శిక్షణ అనగానే మన దగ్గర ఒక పద్ధతి స్థిరపడిపోయింది. పొద్దున కమ్యూనిటీ హాల్లో సభ, డాక్టరుగారి ప్రసంగం, తెర మీద పది జబ్బుల బొమ్మలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం, సాయంత్రం బ్యానరు పట్టుకుని ర్యాలీ. మర్నాడు పొద్దున ఆ పిల్లల్లో ఒకర్ని పిలిచి "ఇప్పుడు ఏ ఇంటికి వెళ్తావు, వెళ్లి ఏం చేస్తావు?" అని అడిగితే జవాబుండదు. చెవి నిండా సమాచారం పోశాం గానీ చేతికి పని ఇవ్వలేదు.

అందుకే ఒక కాలానికి ఒక్క జబ్బు, ఒక్క పని పెట్టుకోండి. ఇక్కడ వానాకాలం, డెంగీ తీసుకుని చెబుతున్నాం. పని ఏమిటంటే వారానికోసారి ఇంటింటికీ వెళ్లి, ఇంటివాళ్లతో కలిసి నీళ్ల పాత్రల్లోకి చూడటం, దోమ పురుగులుంటే వాళ్లచేతే కడిగించడం, లెక్క రాయడం. రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశాఖ "శుక్రవారం డ్రై డే" పేరుతో చెప్పేది ఇదే. చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, గాబు (నీళ్ల తొట్టి) దగ్గర వంగి చూసేవాళ్లే తక్కువ. 250 ఇళ్ల ఊరిని లెక్కలోకి తీసుకుని రాస్తున్నాం. బస్తీ అయినా, అపార్టుమెంట్ల కాలనీ అయినా పద్ధతి మారదు, తొట్ల పేర్లు మారతాయంతే.

ఎంతమంది కావాలి, ఎవరు కావాలి

ఇద్దరు కలిసి ఒక ఇంటికి సగటున 5 నిమిషాలు తీసుకుంటారు. 25 ఇళ్లంటే 2 గంటల పైచిలుకు. అంతకు మించితే చివరి ఇళ్లలో గుమ్మం దగ్గరే మాట్లాడి వచ్చేస్తారు. 250 ఇళ్లకు 10 జంటలు, అంటే 20 మంది. శిక్షణకు మాత్రం 26 మందిని పిలవండి. నాట్లు మొదలయ్యాక కొందరు పొలానికి వెళ్లిపోతారు, సప్లిమెంటరీ పరీక్షలు కొందరిని లాక్కుపోతాయి, ఇంకొందరికి మూడో వారానికే ఆసక్తి పోతుంది.

వయసు 18 నిండినవాళ్లయితే మంచిది. 15 నుంచి 17 ఏళ్లవాళ్లు వస్తామంటే తల్లిదండ్రుల సంతకం తీసుకుని, ఒక పెద్ద వలంటీరుతో జత చేయండి. ప్రతి జంటలో ఒక అమ్మాయి ఉండేలా చూడండి. పెరట్లోకి, వంటింటి వెనక్కి వెళ్లాల్సిన పని ఇది. పగలు మగవాళ్లు లేని ఇంట్లో ఇద్దరు అబ్బాయిల్ని లోపలికి రానివ్వరు, రానివ్వకపోవడంలో తప్పూ లేదు.

ఎంపికకు మైకు పట్టుకుని బాగా మాట్లాడేవాణ్ని చూడకండి. పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక చిన్న పని చెప్పండి: "మీ వీధిలో ఏదైనా ఒక ఇంటికి వెళ్లి, నీళ్లు నిలవుండే చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రేపు చెప్పు." ఒకరు "చాలా ఉన్నాయి సార్" అంటారు. ఇంకొకరు "తొమ్మిది, అందులో ఒకటి కోళ్లకు పెట్టే చిప్ప" అంటారు. మీకు కావాల్సింది ఈ రెండోవారే.

ఊరికి ఒకటే వర్గం పిల్లలు వచ్చేస్తుంటారు, సాధారణంగా ఎవరు పిలిచారో వాళ్ల వీధి పిల్లలు. అలా జరిగితే కాలనీ ఇళ్లు, వాగు పక్క గుడిసెలు తప్పిపోతాయి. అన్ని వాడల నుంచీ కనీసం ఇద్దరేసి ఉండేదాకా జాబితా మూసేయకండి.

ముందుగా కలవాల్సినవాళ్లు

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, పంచాయతీ కార్యదర్శి, సర్పంచి. ఈ వరసలోనే కలవండి. ఆశాను చివర్లో కలిస్తే, తన పని మీద ఎవరో వచ్చి కూర్చుంటున్నారనుకుంటుంది. దాదాపు వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉంటుంది. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ఇంట్లో జ్వరం ఉంది, ఏ ఇంటి కుక్క కరుస్తుంది, అన్నీ ఆమెకు తెలుసు. ఇళ్ల పంపకం ఆమెతో కూర్చునే చేయండి.

సర్పంచి దగ్గర ఒక మాట ముందే తేల్చుకోండి: టీషర్టుల మీద, కరపత్రాల మీద ఏ నాయకుడి బొమ్మా ఉండదు. బొమ్మ పడిందంటే అవతలి వర్గం ఇళ్ల తలుపులు ఆ సీజనంతా తెరుచుకోవు, దోమకేమో ఆ తేడా లేదు. నిజానికి టీషర్టులే అక్కర్లేదు, మెడలో గుర్తింపు కార్డు చాలు.

ఒక్కో జంటకు కావాల్సిన సామాను: టార్చి, పిడి ఉన్న తెల్ల ప్లాస్టిక్ మగ్గు, కొబ్బరి పీచు లేదా గట్టి బ్రష్షు, సుద్దముక్క, మూత ఉన్న పారదర్శకమైన చిన్న సీసా, గీతలు గీసిన నోటుబుక్కు, పెన్ను. మగ్గు తెల్లదే ఎందుకంటే పురుగు ముదురు రంగులో ఉంటుంది. నీలం మగ్గులో, ఎరుపు మగ్గులో మీ కంటికీ కనబడదు, ఇంటావిడ కంటికీ కనబడదు.

శిక్షణ నాలుగు విడతలు, విడతకు 2 గంటలు. ఆదివారం, బుధవారం, శనివారం, ఆపైన శుక్రవారం. జూన్ మొదటి వారంలో మొదలైతే తొలకరి పడి పాత్రల్లో నీళ్లు నిలిచేసరికి పిల్లలు వీధిలో ఉంటారు.

మొదటి విడత: సీసాలో పురుగు

కుర్చీలు వేయకండి. ముందురోజే మీరు ఊళ్లో తిరిగి పురుగులున్న ఒక తొట్టిని చూసి పెట్టుకోండి. వెతకడం కష్టమేమీ కాదు. పిల్లల్ని నేరుగా అక్కడికే తీసుకెళ్లండి.

తొట్టి మీద నీడ పడకుండా నిలబడాలి, మొదటి పాఠం ఇదే. నీడ పడినా, తొట్టికి చెయ్యి తగిలినా పురుగులన్నీ గిలగిలా మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. పై నుంచి ఒకసారి చూసి "ఏమీ లేవు" అని రాసుకుని వచ్చేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఒక నిమిషం కదలకుండా ఆగాలి. గాలి పీల్చడానికి అవి మళ్లీ పైకి రావాల్సిందే. అప్పుడు టార్చి వాలుగా వేసి, మగ్గును గోడ అంచున మెల్లగా ముంచి తీయాలి. మధ్యలో గబుక్కున ముంచితే నీళ్లు తప్ప ఏమీ రావు.

మగ్గులో రెండు రకాలు కనిపిస్తాయి. సన్నగా, తల కిందికి వేలాడుతూ ఉండేది లార్వా. కామా గుర్తులా ముడుచుకుని, తల పెద్దగా ఉండేది పూపా. పూపా కనిపించిందంటే ఒకటి రెండు రోజుల్లో అక్కడి నుంచి దోమ లేస్తుందని లెక్క. ఊళ్లో వీటిని తోకపురుగులంటారో, నీళ్లపురుగులంటారో అడిగి ఆ మాటే వాడమనండి. తొట్టికీ అంతే. ఒకచోట గాబు, ఒకచోట గోలెం, ఒకచోట కుండీ. కరపత్రంలో "నీటి నిల్వ పాత్రలు" అని ఉంటే ఇంటావిడ తన గోలెం గురించి అనుకోదు.

ఓ పదిహేను లార్వాల్ని, ఐదారు పూపాల్ని అదే నీళ్లతో సీసాలోకి ఎత్తండి. మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. మూత బదులు పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. బుధవారం పిల్లలు వచ్చేసరికి ఆ సీసాలో కాళ్ల మీద తెల్ల చారలున్న నల్లదోమలు తిరుగుతుంటాయి. నీళ్లలో ఆ పురుగే ఈ దోమ అని గంటసేపు చెప్పినా నమ్మనివాడు సీసా చూశాక నమ్ముతాడు. చూపించడం అయిపోగానే గుడ్డ విప్పకుండా పైనుంచి మరిగే నీళ్లు పోసేయండి. గుడ్డ ఊడిందంటే డెంగీ దోమను మీరే పెంచి వదిలినట్టు.

ఇదే విడతలో బుర్రకెక్కాల్సిన విషయాలు నాలుగే. డెంగీ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, మళ్లీ పొద్దు వాలే ముందు. అది ఎక్కువ దూరం ఎగరదు, కాబట్టి మనల్ని కుట్టిన దోమ మన ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టినదే. గుడ్డు నుంచి దోమ అవడానికి మన ఎండకు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి పాత్ర కడిగితే దోమ దాకా రాదు, 12 రోజులకోసారి కడిగితే ఒక తరం లేచిపోయి ఉంటుంది. నాలుగోదే అందరూ మర్చిపోయేది: గుడ్లు నీళ్లలో ఉండవు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పడితే గుడ్లు మునిగి మళ్లీ పొదుగుతాయి. పీచుతో రుద్దితేనే పోతాయి. "పారబోయండి" అనే మాటను పిల్లల నోట్లోంచి తీసేసి "రుద్దండి" అనే మాట పెట్టండి.

చివరి అరగంటలో ఎవరి 25 ఇళ్ల పటం వాళ్లు గీసుకోవాలి. కుళాయిలు, నీళ్ల ట్యాంకు, బడి, గుడి, కడుతున్న ఇల్లు, తాళం వేసిన ఇల్లు, పంక్చరు షాపు అన్నీ అందులో ఉండాలి.

రెండో విడత: గుమ్మం దగ్గర మాట

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కొత్త వలంటీరు మాట ఇలా ఉంటుంది:

"నమస్తే అమ్మా, డెంగీ అనేది ఏడిస్ ఈజిప్టై అనే దోమ ద్వారా వ్యాపిస్తుంది. మీరు పరిసరాల పరిశుభ్రత పాటించాలి, నీరు నిల్వ ఉండకుండా చూసుకోవాలి."

"సరే బాబూ." తలుపు మూసుకుంటుంది.

అదే ఇంట్లో, అదే ఆవిడతో మాట ఇలా నడవాలి:

"అత్తా, మీ వీధికి కుళాయి ఏ రోజు వస్తోంది?"

"రోజు మార్చి రోజు. అదీ అరగంట రాదురా."

"మరి ఈ గాబు ఎన్నాళ్లకు ఖాళీ అవుద్ది?"

"ఖాళీ ఎక్కడవుద్ది? సగానికి రాగానే మళ్లీ పట్టేస్తా. నీళ్లు లేకపోతే పొద్దున్నే ఎవరిస్తారు?"

"ఒక్కసారి ఇటొచ్చి చూడు అత్తా." టార్చి వెలుగు, ఒక నిమిషం మౌనం, తెల్ల మగ్గు.

"అయ్యో, ఇయ్యేంటిరా!"

"నిన్న సీసాలో పెడితే దోమలయ్యాయి. రేపు ఎటూ కుళాయి వస్తది కదా, ఈలోపు ఈ నీళ్లు బట్టలకి, గేదెకి వాడేసి, అడుగున మిగిలింది పారబోసి, పీచుతో చుట్టూ రుద్దుదామా? రుద్దడానికి నేనొస్తా."

మొదటి మాటలో సలహా ఉంది, రెండో మాటలో ఆవిడ ఇబ్బంది ఉంది. రోజు మార్చి రోజు నీళ్లొచ్చే వీధిలో గాబు ఖాళీ చెయ్యమనడం అన్నం పారబోయమనడం లాంటిదే. అందుకే వీధి వీధికీ నీళ్ల రోజు తెలుసుకుని, దానికి ముందు పూట కడిగే పని పెట్టాలి. శుక్రవారం పూజకని ఇల్లు కడుక్కునే ఇళ్లలో ఆ రోజే కలిసొస్తుంది. కలిసిరాని వీధికి వేరే రోజు పెట్టండి. దోమకు శుక్రవారమని ఏమీ లేదు, వారం దాటకపోవడమే ముఖ్యం.

దీన్ని సాధన చేయించడానికి ముగ్గురేసి కూర్చోబెట్టండి. ఒకరు వలంటీరు, ఒకరు ఇంటావిడ, ఒకరు చూసేవారు. చూసేవారి దగ్గర గుప్పెడు చింతగింజలు ఉంచండి. వలంటీరు ప్రశ్న అడిగితే కుడివైపు ఒక గింజ, సలహా చెబితే ఎడమవైపు ఒక గింజ. మూడు నిమిషాల్లో ఎడమ కుప్ప పెద్దదైతే మళ్లీ మొదటి నుంచి. ఒక్కొక్కరు కనీసం ఐదుసార్లు ఆడాలి, ఇంటావిడ పాత్ర కూడా. తలుపు వేసేయడం ఎంత సులువో ఆ పాత్రలోనే అర్థమవుతుంది.

ఎదురయ్యే మాటలకు జవాబులు పిల్లల నాలుక మీద ఉండాలి.

"ముందు ఆ మురుగుకాలువ బాగుచేయించండి, తర్వాత మా గాబు చూద్దురుగానీ." ఈ మాట పది ఇళ్లలో ఆరింట వినిపిస్తుంది. వాదనకు దిగొద్దు. కాలువ కంపు నిజం, అందులోని దోమలు రాత్రి నిద్ర చెడగొట్టడమూ నిజం. "కాలువ సంగతి పంచాయతీకి రాసిస్తాం పిన్నీ, ఇదిగో నోటుబుక్కులో రాస్తున్నా. డెంగీ దోమ మాత్రం మురుక్కాదు, మంచినీళ్లే కోరుకుంటుంది." రాసింది నిజంగా కార్యదర్శికి చేరాలి, లేకపోతే రెండోసారి ఆ ఇంట్లో మీ మాట చెల్లదు.

"పొగ కొట్టించండి." ఫాగింగు ఆ క్షణంలో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది, గాబులో పురుగుల్ని ముట్టుకోదు. రెండు రోజుల్లో కొత్తవి లేస్తాయి.

"మూత వేసే ఉంచుతున్నాం." ఎత్తి చూడమనండి. రేకు ముక్క, విరిగిన చెక్క, పగిలిన సిమెంటు పలక, వీటి సందులోంచి దోమ హాయిగా దూరుతుంది. పాత పంచె నాలుగు మడతలు కాదు, ఒక్క మడతే బిగుతుగా పరిచి చుట్టూ తాడు కడితే చాలు. గుడ్డ మధ్యలో కుంగి నీళ్లలో తడవకూడదు.

వెతకాల్సిన చోట్లు

గాబు, డ్రమ్ము అందరికీ తెలుసు. తప్పిపోయేవి వేరే ఉన్నాయి. వాడని రోలు. కోళ్ల చిప్ప. కుడితి తొట్టి పక్కనే వానకు నిండే ఖాళీ తొట్టి. రేకుల పైకప్పు ఎగిరిపోకుండా పెట్టిన పాత టైర్లు. ఫ్రిజ్ వెనక కింద ఉండే నీళ్ల ట్రే, దీన్ని చాలా ఇళ్లలో ఎప్పుడూ బయటికి లాగి చూసి ఉండరు. ఎండాకాలం అయ్యాక అటక మీదికి పోని కూలరు. మనీప్లాంటు సీసా. కట్టించి వాడకుండా సామాను పెట్టుకున్న మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకు. తాగి పారేసిన కొబ్బరిబోండాలు. ఇల్లు కడుతుంటే క్యూరింగు కోసం కట్టిన మడుగు, లిఫ్టు గొయ్యి. ఊరంతటికీ కలిపి చూస్తే బడి మీద మూతపోయిన సింటెక్స్ ట్యాంకు, శ్మశానంలో కుండలు.

నిచ్చెన ఎక్కడం, తడి డాబా అంచున నడవడం వలంటీర్ల పని కాదని గట్టిగా చెప్పండి. పైన ట్యాంకు చూడాలంటే ఇంటివాళ్లనో, పంచాయతీ సిబ్బందినో ఎక్కమనాలి. పురుగుమందు కూడా పిల్లల చేతికి ఇవ్వకండి. నీళ్లలో పురుగుల్ని చంపే టెమిఫాస్ మందును కొలత తెలిసిన ఆరోగ్య సిబ్బందే వేయాలి. ఖాళీ చేయలేని బావులకు, పెద్ద నీటితొట్లకు పురుగుల్ని తినే గంబూసియా చేపల కోసం ఆరోగ్య కేంద్రాన్ని అడగండి. గాబుల్లో కిరసనాయిలు, పాత ఇంజినాయిలు పోయమని ఎవరైనా సలహా ఇస్తే అక్కడికక్కడే ఆపాలి. వాడుకునే నీళ్లు అవి.

మూడో విడత: జ్వరం దగ్గర ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి

రెండో వారానికే ఎవరో ఒకరు అడుగుతారు: "మా పిల్లకి మూడ్రోజులుగా జ్వరం, డెంగీనా?" ఇక్కడ వలంటీరు డాక్టరు అవతారం ఎత్తితే ప్రాణానికే ముప్పు. ఈ విడతకు ఏఎన్ఎం గానీ వైద్యాధికారి గానీ తప్పకుండా ఉండాలి.

వలంటీరు నోట రావాల్సినవి కొన్ని వాక్యాలే. "రెండు రోజులు దాటిన జ్వరానికి రక్తపరీక్ష చేయించాలి, ఆశా అక్కకు ఇప్పుడే ఫోను చేద్దాం." "నీళ్లు, మజ్జిగ, జావ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ మాటిమాటికీ తాగించండి." "జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వాడొద్దు, నొప్పుల సూది వేయించుకోవద్దు." ఎందుకంటే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. గుండెజబ్బుకు రోజూ ఆస్పిరిన్ వేసుకునే పెద్దాయన ఉంటే మాత్రం "మానెయ్యండి" అనకూడదు. వెంటనే డాక్టరును అడగమనాలి. పారాసిటమాల్ మోతాదు కూడా వలంటీరు చెప్పడు. పిల్లలకు అది బరువును బట్టి ఉంటుంది.

ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఒకటుంది: జ్వరం దిగితే గండం గడిచినట్టే అని. డెంగీలో ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు అప్పుడే, జ్వరం వచ్చిన 3 నుంచి 7 రోజుల మధ్య, ఒళ్లు చల్లబడే వేళ. అప్పుడు ఈ గుర్తుల్లో ఒక్కటి కనబడినా 108కి ఫోను చేయాలి:

- తగ్గని కడుపునొప్పి
- ఆగకుండా వాంతులు
- చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం
- మత్తుగా పడుండటం లేదా కుదురులేకుండా కొట్టుకోవడం
- చేతులు, కాళ్లు చల్లబడటం
- 6 గంటలుగా మూత్రం రాకపోవడం

దీన్ని పాటలా వల్లె వేయించకండి. ఆరు చీటీలు రాసి, ఒక్కో పిల్లవాడికి ఒక రోగి పరిస్థితి చెప్పి, "ఇప్పుడు ఇంట్లో ఉంచుదామా, 108కి చేద్దామా?" అని అడగండి. "జ్వరం నిన్న తగ్గింది, ఇవాళ అన్నం తినట్లేదు, కడుపు పట్టుకుని ఏడుస్తోంది" అన్నప్పుడు సగంమంది మొదటిసారి "ఇంట్లోనే" అంటారు. ఆ తప్పు శిక్షణలోనే జరిగిపోవాలి.

ప్లేట్‌లెట్ల గురించి వలంటీరు అంకెలు మాట్లాడకూడదు. బొప్పాయి ఆకు రసం గురించి అడిగితే "దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు" అని మాత్రం చెప్పాలి. పరీక్షల గురించి తెలియాల్సింది ఇంతే: మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే రక్తపరీక్ష. అప్పటికప్పుడు చేసే కార్డు పరీక్షలో గీత వస్తే అనుమానమే, ల్యాబులో చేసే ఎలైజా పరీక్షలో తేలితేనే ప్రభుత్వ లెక్కలో నిర్ధారణ.

ఇంకో కట్టుబాటు: ఎవరింట్లో జ్వరం ఉందో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, రోగి ఫొటో తీయడం, పేరు చెప్పడం నిషేధం. ఆశాకు ఒక్క ఫోను, అంతే. దీన్ని మీరినవాళ్లను మరుసటి వారం పంపకండి.

నాలుగో విడత: పది ఇళ్లు, నోటుబుక్కు

ఒక్కో జంట వెనక మీరో, ఆశానో నడుస్తూ పది ఇళ్లు చూపించాలి. మీరు మాట్లాడకండి. జంట తడబడుతున్నా ఆగండి, బయటికి వచ్చాక చెప్పండి.

నోటుబుక్కులో గళ్లు ఐదు చాలు: ఇంటి నంబరు, చూసిన పాత్రలు ఎన్ని, పురుగులున్నవి ఎన్ని, ఏం చేశారు, పంచాయతీకి చెప్పాల్సింది. తాళం వేసిన ఇంటిని "తాళం" అనే రాయాలి, సున్నా అని రాయకూడదు. కడిగిన తొట్టి బయట సుద్దతో తేదీ వేయాలి.

లెక్క ఇలా తీస్తారు. ఒక జంట 25 ఇళ్లలో 140 పాత్రలు చూసి, 7 ఇళ్లలో 11 పాత్రల్లో పురుగులు చూసిందనుకోండి. 7ను 25తో భాగించి 100తో గుణిస్తే 28, దీన్ని హౌస్ ఇండెక్స్ అంటారు. 11ను 25తో భాగించి 100తో గుణిస్తే 44, ఇది బ్రెటో ఇండెక్స్, అంటే వంద ఇళ్లకు ఎన్ని పురుగుల పాత్రలున్నాయని. రెండో అంకె ఎక్కువ ఉపయోగం. ఒకే ఇంట్లో ఐదు టైర్లుంటే అది హౌస్ ఇండెక్సులో కనబడదు. వీధుల వారీగా ఈ అంకెను పంచాయతీ బోర్డు మీద ప్రతి శనివారం రాయండి. ఇంటి పేర్లు రాయొద్దు, వీధి పేరు చాలు. ర్యాలీ కంటే ఆ బోర్డు ఎక్కువ మాట్లాడుతుంది.

మొదటి రెండు వారాలు అంకె పెరిగితే కంగారు పడకండి. పిల్లల కన్ను పదునెక్కిందని అర్థం. అనుమానించాల్సింది నాలుగో వారంలో ఒక్కసారిగా వచ్చే సున్నాల్ని. చూడకుండా ఇంట్లో కూర్చుని రాసిన పుస్తకం తేలిగ్గా దొరికిపోతుంది: చూసిన పాత్రల సంఖ్య ప్రతి వారం ఒకేలా ఉంటుంది, తాళం ఇల్లు ఒక్కటీ ఉండదు, తొట్టి మీద సుద్ద తేదీ పాతదే ఉంటుంది. ప్రతి జంట 25 ఇళ్లలో ఏవైనా రెండింటికి మర్నాడు మీరు వెళ్లి చూడండి. దొరికినవాళ్లను అందరి ముందూ తిట్టకండి. అడిగితే చాలావరకు ఒకటే కారణం చెబుతారు: ఏదో ఒక ఇంట్లో అవమానం జరిగింది, మళ్లీ ఆ వీధికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ వీధిని మార్చండి, లేదా ఆ ఇంటికి ఆశాతో కలిపి పంపండి.

వారాలు గడిచేకొద్దీ

గురువారం సాయంత్రం డప్పు చాటింపు వేయించండి: "రేపు శుక్రవారం, గాబులు, డ్రమ్ములు కడుక్కోవాలహో!" దాంతోపాటు ఊరి గ్రూపులో అరనిమిషం వాయిస్ మెసేజి, ఊళ్లో అందరికీ తెలిసిన గొంతుతో. పొడవాటి సందేశాలు ఎవరూ చదవరు. శనివారం ఇరవై మందీ 20 నిమిషాలు కలవాలి. టీ, మిరపకాయబజ్జీ, అంకెలు, ఎదురైన ఒక కష్టమైన ఇల్లు. ఈ కలయిక రెండుసార్లు తప్పితే మూడోవారం సగంమంది రారు. కాలేజీ పిల్లలైతే ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం అధికారితో మాట్లాడి ఈ గంటల్ని వాళ్ల ఏడాది 120 గంటల్లో కలపమనండి. సర్టిఫికెట్టు కంటే అది నమ్మకమైన ఆకర్షణ.

నాలుగు వారాలు కుదురుగా నడిచాకే రెండో అంశం కలపండి. వానాకాలానికి సహజంగా వచ్చేది విరేచనాలు, ఓఆర్ఎస్. దీనికి ఒక గంట చాలు, కానీ చేతులతో కలిపించాలి. ఇళ్లలో జరిగే తప్పు పొడిని కొంచెం కొంచెంగా గ్లాసులో వేసి కలపడం. ఉప్పు, పంచదార పాళ్లు తప్పుతాయి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు, ప్యాకెట్టు మీద చదివి మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు కొలతకు ఖాళీ నీళ్ల సీసా చాలు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి, వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. జింకు మాత్రలు ఆశా దగ్గర దొరుకుతాయి, 14 రోజులు వాడాలి, విరేచనాలు ఆగినా మానకూడదు. షాపులో అట్టడబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావని కూడా చూపించండి. వాటి పేర్లలో ఆ మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది.

వానలు ఆగాక పని ఒక్కటి మిగులుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వల్ల వానలు డిసెంబరు దాకా సాగుతాయి, మిగతాచోట్ల ముందే ముగుస్తాయి. వాడకం తగ్గిన డ్రమ్ములు, కూలర్లు, తొట్లు లోపలికి సర్దేముందు ఆఖరిసారి పీచుతో రుద్దించి ఎండబెట్టించండి. గోడకంటిన గుడ్లు పొడిగా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. నోటుబుక్కుల నకలు ఏఎన్ఎంకు ఇచ్చి, అసలువి మీ దగ్గర ఉంచుకోండి. వచ్చే జూన్‌లో మొదటి శుక్రవారం పొద్దున్నే వెళ్లాల్సిన ఇళ్లు వాటిలోనే ఉన్నాయి: మూడు వారాలకు మించి పురుగులు కనిపించినవి, టైర్లున్నవి, తాళం పడినవి.